వెలుగు నేత

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు ఖద్దరు నేతకు పేరుపొందిన ఊరు. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, రాట్నముపై మిక్కిలి సన్నని నూలు వడకుదురు. నేతగాండ్రు ఆ నూలును పడుగుగాను పేకగాను కూర్చి మగ్గముపై వస్త్రముగా నేయుదురు. అనుభవము గల నేతగాడు గుడ్డను వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో, ఎచ్చట పోగు తెగినదో, ఎచ్చట నాడె తడబడినదో వెంటనే చెప్పగలడు. అందుకై అతడు మగ్గమును విప్పి చూడనక్కరలేదు. గుడ్డలోని లోపమే మగ్గములోని లోపమును పట్టియిచ్చును.

అటువంటి మగ్గమే మరియొకటి కలదు. అది నూలుతో గాక వెలుగుతో నేయును. కొంతకాలము క్రిందటి వరకు టెలివిజనులోను, కంప్యూటరులోను, నాణెము వేసి ఆడు వీడియో ఆటపెట్టెలోను బొమ్మను చూపిన గాజు నాళమే ఆ మగ్గము. శాస్త్రజ్ఞులు దానిని కాథోడ్ కిరణ నాళమందురు. మన పట్టణములలోని మెకానిక్కులు దానిని పిక్చరు ట్యూబు అని పిలుతురు. ఈ పాఠములో ఆ నాళము పనిచేయు తీరును, ఆటపెట్టె తెర చెడినప్పుడు దోషమును వెదకి సరిచేయు పద్ధతిని తెలిసికొందము.

ఈ నాళమును 1897లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడైన ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో జె. జె. థామ్సన్ కాథోడ్ కిరణములు విద్యుదావేశము గల అతిసూక్ష్మ కణముల ప్రవాహమని నిరూపించెను. ఆ కణములనే మనము ఎలక్ట్రానులందుము. 1926లో జపాను దేశస్థుడైన కెంజిరో తకయనగి తమ లిపిలోని ఒక అక్షరమును ఇట్టి నాళముపై కనబడునట్లు చేసెను. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బాథమ్ అను శాస్త్రజ్ఞుడు, పరిశోధనశాలను చూడవచ్చు ప్రజల వినోదమునకై, కొలతలు తీయు చిన్న తెరపై టెన్నిసు ఆటను ఏర్పాటు చేసెను. పరిశోధనకు పుట్టిన పరికరము ఆటకు కూడ పనికివచ్చునని దానివలన లోకమునకు తెలిసినది.

1972లో అమెరికాలోని అటారి సంస్థలో అలన్ ఆల్కార్న్ అను యువ ఇంజనీరు పాంగ్ అను ఆటను నిర్మించెను. తెరకై అతడు దుకాణములో దొరకు సామాన్యమైన నలుపు తెలుపు టెలివిజనునే వాడుకొనెను. మొదటి పెట్టెను సన్నీవేల్ పట్టణములోని ఒక పానశాలలో నిలిపిరి. కొద్ది దినములకే అది పనిచేయుట మానినదని కబురు వచ్చెను. ఆల్కార్న్ వెళ్ళి చూడగా, తెర చెడలేదు, తీగలు తెగలేదు. జనము వేసిన నాణెములతో లోపలి డబ్బా నిండి పొర్లిపోయినది. అందుచేతనే ఆట ఆగినది. తెర కానరాలేదనగానే తెరను విప్పుటకు సిద్ధపడువారు ఈ కథను గుర్తుంచుకొనవలెను. దోషము మనము ఊహించిన చోటనే ఉండవలెనను నియమము లేదు.

మన దేశమున టెలివిజను ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైనది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. 1982లో రంగుల ప్రసారములు వచ్చినవి. ఏ. ఎస్. రావుగారి కృషితో 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టెలివిజనులను కూడ తయారుచేసి అమ్మెను. టెలివిజను వచ్చిన ప్రతి పట్టణమునకు దానిని బాగుచేయువాడు అవసరమాయెను. అంతవరకు రేడియోలు బాగుచేయుచున్న మెకానిక్కులు క్రమముగా పిక్చరు ట్యూబు విద్యను అభ్యసించిరి. పిమ్మట ఆటపెట్టెలు వచ్చినప్పుడు ఆ విద్యయే వారికి అక్కరకు వచ్చినది. ఏలన, ఆటపెట్టెలోని తెరయు టెలివిజను తెరయు ఒకే జాతివి.

ఇక ఈ వెలుగు మగ్గము ఎట్లు పనిచేయునో చూతము. పిక్చరు ట్యూబు గరాటు ఆకారము గల గాజు పాత్ర. దానిలో గాలి ఉండదు. సన్నని మెడ భాగమున ఒక చిన్న తీగ ఎఱ్ఱగా కాగును. ఆ వేడిమికి ఎలక్ట్రానులు వెలువడును. వెడల్పైన ముఖభాగమునకు లోపలివైపున ఫాస్ఫరు పూత ఉండును. ఎలక్ట్రానులు తాకిన చోట ఆ పూత మెరయును. ఎలక్ట్రానులను అంత వేగముతో ముందునకు లాగుటకు మిక్కిలి హెచ్చు వోల్టేజి కావలెను. మన యింటి విద్యుత్తు 230 వోల్టులు. పందొమ్మిది అంగుళముల రంగుల ట్యూబునకు 20,000 వోల్టులకు పైబడి కావలెను. దానిని తయారుచేయు ట్రాన్స్‌ఫార్మరును మెకానిక్కులు ఇ.హెచ్.టి. అందురు.

ఎలక్ట్రానుల ధార ఒకే చోట తాకినచో తెరపై ఒక చుక్క మాత్రమే కనబడును. దానిని అటునిటు నడపుటకు మెడ మీద రాగితీగ చుట్టలు అమర్తురు. ఆ అమరికకు యోక్ అని పేరు. ఒక జత చుట్టలు ధారను ఎడమ నుండి కుడికి నడపును. మరియొక జత దానిని పై నుండి క్రిందికి దింపును. నాడె పేకపోగును అడ్డముగా వేసి, మరల వెనుకకు వచ్చి, దాని ప్రక్కన మరొక పోగు వేసినట్లు, ధార తెరపై ఒక గీత గీసి దాని క్రింద మరియొక గీత గీయుచుండును. మన దేశపు టెలివిజనులో ఒక బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 బొమ్మలు. అనగా ధార ఒక్క సెకనులో 15,625 గీతలు గీయవలెను. ఇంత వేగము గల నాడె ఏ మగ్గమునకును లేదు. మన కన్ను ఆ వేగమును పట్టజాలదు గనుక గీతలన్నియు కలిసి నిండు బొమ్మగా కనబడును. రంగుల ట్యూబులో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెలకు మూడు ధారలుండును.

టెలివిజనునకును ఆటపెట్టెకును ముఖ్యమైన భేదమొకటి కలదు. టెలివిజను గాలిలో వచ్చు సంకేతమును పట్టి, దానిలోనుండి బొమ్మను వేరుచేయవలెను. ఆటపెట్టెలో ఆ పని లేదు. ఆటను నడుపు బోర్డు మూడు రంగుల సంకేతములను మూడు తీగల ద్వారా నేరుగా తెరకు పంపును. గీత ఎప్పుడు మొదలు పెట్టవలెనో, బొమ్మ ఎప్పుడు మొదలు పెట్టవలెనో తెలుపు తాళము వంటి సంకేతమును వేరుగా పంపును. దానికి సింక్ అని పేరు. కావున ఆటపెట్టె చెడినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: చెడినది పాట పాడువాడా, తాళము వేయువాడా, వినిపించు పరికరమా? అనగా దోషము ఆట బోర్డులోనిదా, మధ్య తీగలలోనిదా, తెరలోనిదా?

బాలబాలికలారా! మరమ్మతు మాట చెప్పుటకు ముందు అపాయము మాట చెప్పవలెను. స్విచ్చి కట్టినంత మాత్రమున పిక్చరు ట్యూబులోని విద్యుత్తు పోదు. ట్యూబు గాజునకు లోపల ఒక వాహకపు పూత, వెలుపల మరియొక పూత ఉండును. ఈ రెండు పూతలును నడుమ గాజును కలిసి ఒక కండెన్సరు అగుచున్నవి. అది తనలోని విద్యుత్తును గంటలకొలదియు, ఒక్కొక్కప్పుడు దినములకొలదియు దాచుకొనగలదు. తెలియక తాకినవానికి గట్టి దెబ్బ తగులును. ఆ దెబ్బకు ఉలికిపడి చేయి వెనుకకు లాగునప్పుడు ట్యూబు మెడ విరిగిన, గాలిలేని గాజుపాత్ర లోనికి కూలి ముక్కలు నలుదెసల ఎగురును. పెక్కు ఆటపెట్టెలలో తెర బోర్డునకు ఇంటి విద్యుత్తుతో నేరుగా సంబంధముండును. అట్టివాని ముందు రక్షణకై వేరొక ట్రాన్స్‌ఫార్మరును తప్పక ఉంచవలెను.

కావున నేర్చిన మెకానిక్కు మొదట ప్లగ్గును పూర్తిగా ఊడదీయును. పిమ్మట పొడవైన పిడి గల స్క్రూడ్రైవరునకు ఒక తీగ కట్టి, ఆ తీగ రెండవ కొనను ట్యూబు వెలుపలి ఎర్తు అల్లికకు తగిలించును. ఒక చేతిని వెనుక ఉంచుకొని, రెండవ చేతితో స్క్రూడ్రైవరు మొనను ట్యూబుపైనున్న రబ్బరు టోపీ క్రిందికి జొనుపును. దాగియున్న విద్యుత్తు టప్పున చప్పుడు చేసి ఎర్తులోనికి పోవును. కొన్ని నిమిషములకు మరల కొంత పోగగును గనుక రెండవసారి కూడ అట్లే చేయును. ఇది పుస్తకము చదివి ఇంటిలో చేయదగిన పని కాదు. గురువు ప్రక్కన నిలుచుండి నేర్వవలసిన పని.

ఇప్పుడు ఒక ఉదాహరణమును తీసికొందము. 1990 తరువాతి సంవత్సరములలో విజయనగరమున సిరిమానోత్సవపు దినములని అనుకొనుడు. పైడితల్లి అమ్మవారిని దర్శించుటకు చుట్టుప్రక్కల గ్రామముల నుండి జనము వచ్చుచున్నారు. ఒక చిన్న దుకాణదారునకు ఆ నాలుగు దినముల రాబడియే సంవత్సరమునకు ఆధారము. సరిగా ఆ సమయమున అతని ఆటపెట్టె తెర చెడినది. బొమ్మ మాయమై, తెర నడుమ ఒక అడ్డగీత మాత్రము కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలుగుచున్నది. దుకాణదారుడు ఒక వృద్ధ మెకానిక్కును పిలిచెను. మెకానిక్కుతో పని నేర్చుకొను బాలుడు కూడ వచ్చెను.

బాలుడు గీతను చూచి, "గురువుగారూ! ట్యూబు పోయినట్లున్నది. క్రొత్తది వేయవలెనేమో!" అనెను.

"తొందరపడకు, నాయనా! మొదట వెలుగు తగ్గించు. ధార అంతయు ఒక్క గీతమీదనే పడుచున్నది. ఇట్లే వదలినచో ఆ చోట ఫాస్ఫరు కాలిపోవును. అప్పుడు నీవన్నట్లు ట్యూబు నిజముగా పోవును" అని మెకానిక్కు అనెను.

బాలుడు వెలుగు తగ్గించెను.

"ఇప్పుడు చెప్పుము. ఆట చప్పుడు వినబడుచున్నదా?"

"వినబడుచున్నది."

"అయినచో ఆట బోర్డు బ్రతికియున్నదనుటకు అది ఒక గుర్తు. తెరపై వెలుగున్నదా?"

"ఉన్నది. ఒక్క గీత ఉన్నది."

"వెలుగున్నదన్నచో మెడలోని తీగ కాగుచున్నది. ఇ.హెచ్.టి. పనిచేయుచున్నది. ట్యూబు బ్రతికియున్నది. ఆ గీత ఈ చివర నుండి ఆ చివర వరకు ఉన్నదా?"

"నిండుగా ఉన్నది, గురువుగారూ!"

"అయినచో ధార అడ్డముగా చక్కగా నడచుచున్నది. మరి నడువనిది ఏది?"

బాలుడు క్షణకాలమాలోచించి, "క్రిందికి దిగుట లేదు. నాడె ఆడుచున్నది గాని గుడ్డ జరుగుట లేదు" అనెను.

"అదియే! ఒక్క గీత నీకు ఎన్ని సంగతులు చెప్పినదో చూడుము. ఇంత పెద్ద పెట్టెలో మనము వెదకవలసినది ఇప్పుడు అరచేయి వెడల్పు చోటు మాత్రమే."

మెకానిక్కు ప్లగ్గు ఊడదీసి, ట్యూబులోని విద్యుత్తును పోగొట్టి, బోర్డును బయటికి తీసెను. ధారను క్రిందికి దింపు భాగమును భూతద్దముతో పరికించెను. యోక్ తీగలు వచ్చి చేరు చోట ఒక కాలు చుట్టును టంకము సన్నని ఉంగరమువలె చిట్లియుండెను. పైకి అతికినట్లే ఉన్నది గాని విద్యుత్తు దాటుటకు దారి లేదు. మెకానిక్కులు దీనిని డ్రై సోల్డరు అందురు. అతడు పాత టంకమును తీసివేసి, చోటు శుభ్రపరచి, క్రొత్త టంకము పెట్టెను. మరల పెట్టెను కలుపగా బొమ్మ తెర నిండుగా వచ్చెను.

దుకాణదారుడు సంతోషించి, "బాబూ! ట్యూబు మార్చవలెనని చెప్పుదురేమో, అంత సొమ్ము ఎచ్చట తేగలనా అని భయపడితిని" అనెను. మెకానిక్కు టంకము ఖరీదును, తన కూలిని మాత్రమే తీసికొనెను.

ఈ ఉదాహరణములో రెండు సంగతులు కలవు. మొదటిది తెలివి, రెండవది నిజాయితీ. ట్యూబు పోయినదని చెప్పినచో దుకాణదారుడు నమ్మియుండును. పెట్టె లోపలి సంగతి అతనికి తెలియదు. తెలియనివాని అజ్ఞానమును ఆదాయముగా మార్చుకొనువాడు కొన్ని దినములు బాగుపడును గాని, ఊరిలో వాని మాటకు విలువ నిలువదు. వైద్యునకు రోగి ఎట్లో, పనివానికి పని ఇచ్చినవాడు అట్లు. నమ్మి అప్పగించిన వస్తువు విషయమున అబద్ధమాడరాదు.

తెర మాటలాడు భాషలో మరికొన్ని గుర్తులను నేర్చుకొందము. నిలువుగా ఒక్క గీత మాత్రము కనబడినచో ధార అడ్డముగా నడచుట లేదని అర్థము. యోక్ లోని ఆ చుట్టకు పోవు దారి తెగియుండవచ్చును. బొమ్మ ఆగక పైకో క్రిందికో దొర్లుచున్నచో తాళము తప్పినది. సింక్ తీగ ఊడినదేమో మొదట చూడవలెను. బొమ్మ అంచులు పాముమెలికలు తిరిగినచోను, ప్రక్కలు లోనికి కుంచించుకొనినచోను, విద్యుత్తును చదును చేయు కండెన్సర్లు ముసలివైనవని తలంపవలెను. తెర మూలలయందు రంగులు మచ్చలుగా మారినచో దగ్గరలోని స్పీకరు అయస్కాంతమో మరియేదో ట్యూబులోని ఇనుప జల్లెడను అయస్కాంతముగా మార్చియుండును. దానిని పోగొట్టుటకు తీగచుట్ట యొకటి కలదు. దానిని తెర ముందు త్రిప్పుచు మెల్లగా దూరము తీసికొనిపోయినచో మచ్చలు తొలగును.

ఒక రంగు కనబడనప్పుడు దోషము ఎవరిదో తేల్చుటకు చక్కని పరీక్ష యొకటి కలదు. తెరపై ఎఱుపు లేదనుకొందము. తెరకు వచ్చు ఎఱుపు తీగను ఆకుపచ్చ తీగయు, ఆకుపచ్చ తీగను ఎఱుపు తీగయు ఉన్న చోటులకు మార్చి తగిలింపవలెను. ఇప్పుడు ఎఱుపు వచ్చి ఆకుపచ్చ పోయినచో తెర నిర్దోషి. ఎఱుపు సంకేతమే ఆట బోర్డు నుండి రాలేదు. తీగలు మార్చినను ఎఱుపే రానిచో ఆట బోర్డు నిర్దోషి. దోషము తెరలోనిదే. క్రొత్త సామాను ఒక్కటియు కొనక, ఒక్క ముక్కయు విప్పక, తగవు తీర్పబడినది. న్యాయస్థానమున ఇద్దరు సాక్షులను స్థానములు మార్చి ప్రశ్నించుట వంటిది ఈ పరీక్ష.

పెట్టె పూర్తిగా నల్లబడి, చప్పుడు కూడ లేనిచో మొదట ప్లగ్గును, తీగను, ఫ్యూజును చూడవలెను. ఫ్యూజు గాజు లోపల నల్లగా మాడియున్నచో ఎచ్చటనో గట్టి షార్టు ఉన్నదని గుర్తు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున లావు తీగ చుట్టుట మూర్ఖత్వము. అది కాపలాదారుని కట్టివేసి దొంగకు తలుపు తీయుట వంటిది. మన మెకానిక్కుల దుకాణములలో దీనికి చౌకయైన ఉపాయమొకటి కలదు. పెట్టెకు పోవు విద్యుత్తు దారిలో వరుసగా ఒక సామాన్యమైన తీగబల్బును చేర్తురు. దీనిని సిరీస్ బల్బు అందురు. పెట్టెలో షార్టు ఉన్నచో బల్బు నిండు కాంతితో వెలిగి, అపాయమును తాను భరించును. బల్బు ఒక్కసారి మెరసి మసకబారినచో సాధారణముగా భయము లేదు. విదేశముల నుండి వచ్చిన ఆటపెట్టెలకు మరియొక జాగ్రత్త అవసరము. జపానులో ఇంటి విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. అచ్చటి పెట్టెను మన 230 వోల్టులకు నేరుగా తగిలించినచో క్షణములో మాడిపోవును.

తెర బోర్డులో తొందరగా ముసలిదగు భాగము కండెన్సరు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు లోపల తడిగల పదార్థముండును. పెట్టె వేడికి ఆ తడి సంవత్సరములమీద ఆరిపోవును. కొన్నిటి తల ఉబ్బును, కొన్ని కారును, మరికొన్ని పైకి బాగుగనే కనబడుచు లోపల బలహీనపడును. అందుచేత పాత బోర్డునకు అన్ని కండెన్సర్లను ఒక్కమారే మార్చుట మేలని పనివారందురు. క్రొత్తదానికి కొలత పాతదానితో సమానముగా ఉండవలెను. అది ఓర్వగల వోల్టేజి పాతదానికంటె తక్కువ కారాదు. 105 డిగ్రీల వేడికి తాళు రకము మంచిది. ధన ఋణ ధ్రువములు తారుమారైనచో అది ప్రేలును. కావున ఒకటి తీసి, దాని స్థానమున ఒకటి పెట్టి, గుర్తు సరిచూచుకొని రెండవదానికి పోవలెను. అన్నియు ఒక్కసారి పెఱికి కుప్పపోసినవానికి తికమక తప్పదు.

దోషమును తీర్చుటతో పని ముగియదు. దాని కారణమును కూడ తీర్పవలెను. టంకము ఏల చిట్లినది? ప్రతిదినము పెట్టె కాగి చల్లారుచుండుటచేత చిట్లినది. పెట్టె వెనుక గాలిరంధ్రములు దుమ్ముతో మూసికొనిపోవుటచేత వేడి హెచ్చినది. ఆట ఓడినవారు పెట్టెను గ్రుద్దుటచేత అదరినది. మన ఉత్తరాంధ్ర తీరమున మరియొక శత్రువు కూడ కలదు. బారువ, కళింగపట్నము, భీమునిపట్నము వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలియందు ఉప్పు, తేమ మెండు. ఉప్పుతేమ పట్టిన దుమ్ముమీదుగా హెచ్చు వోల్టేజి ప్రాకి చిటచిటమని చప్పుడు చేయును. చీకటిలో చూచినచో రబ్బరు టోపీ చుట్టు నీలికాంతి కూడ కనబడును. అట్టిచో ట్యూబు టోపీ పరిసరములను విద్యుత్తు పోగొట్టిన పిమ్మట శుభ్రముగా తుడిచి ఆరనీయవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్దను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమునను తీరము దాటినవి. అట్టి విపత్తులలో నీట తడిసిన ఏ విద్యుత్ పరికరమునైనను ఆరినదో లేదో పరీక్షింపక స్విచ్చి వేయుట ప్రాణాపాయము.

అన్ని రోగములకును మందు ఉండదు. ఒకే ఆట బొమ్మ ఏండ్లతరబడి ఒకే చోట వెలిగినచో ఆ చోట ఫాస్ఫరు కాలి, పెట్టె కట్టివేసినను ఆ ఆట నీడ తెరపై నిలిచియుండును. దానిని టంకముతో సరిచేయలేము. మెడ విరిగిన ట్యూబును అతికింపలేము. సరిచేయలేనిదానిని సరిచేయలేమని ముందుగానే చెప్పుట కూడ మరమ్మతు విద్యలో భాగమే.

పలుచని తెరలు వచ్చిన పిమ్మట లోకమున పిక్చరు ట్యూబుల కర్మాగారములు ఒక్కటొక్కటిగా మూతపడినవి. చివరివరకు వానిని తయారుచేసిన సంస్థలలో మన దేశపు వీడియోకాన్ ఒకటి. 2015 ప్రాంతమున ఆ తయారీయు నిలిచినది. కావున ఇప్పుడు ఒక ట్యూబు పగిలినచో లోకములో ఒకటి తగ్గినట్లే. పాత ఆటలను వానికి తగిన తెరపైననే చూపవలెనని ప్రయత్నించు ప్రదర్శనశాలలకును, అభిమానులకును, ఉన్నవానిని కాపాడుకొనుట తప్ప దారి లేదు. ఇక ఎందుకును పనికిరాని ట్యూబును చెత్తకుప్పలో పగులగొట్టరాదు. దాని గాజులో సీసము కలదు. అది నేలను, నీటిని పాడుచేయును. ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించుటకు అనుమతి పొందినవారికే దానిని అప్పగింపవలెను.

పిక్చరు ట్యూబు కాలము గడచినను, దానిని బాగుచేసిన పద్ధతి కాలము గడువలేదు. గుర్తును నిదానముగా చూచుట, పనిచేయుచున్నదానిని ఒక్కటొక్కటిగా ప్రక్కకు పెట్టుట, మిగిలినదానిని పరీక్షించుట, దోషముతో పాటు కారణమును తొలగించుట, నిజము చెప్పుట, ఈ అయిదును ఏ వృత్తికైనను పనికివచ్చును. నీరు పడని పంపునకును, మోగని గంటకును, లెక్కలో తప్పిన జవాబునకును ఇదే మార్గము. పెట్టె పలుకనప్పుడు దాని నెత్తిపై చరచువారు పెక్కుమంది. అది చెప్పుచున్నదానిని వినువారు కొందరే. మీరు ఆ కొందరిలో చేరుడు.

ప్రశ్నలు

1. నేతగాడు గుడ్డను చూచుటకును, మెకానిక్కు తెరను చూచుటకును గల పోలిక యేమి?
2. మొదటి పాంగ్ ఆటపెట్టె ఏల ఆగినది? ఆ కథవలన మనము నేర్వవలసినదేమి?
3. స్విచ్చి కట్టిన పిమ్మట కూడ పిక్చరు ట్యూబును తాకరాదనుటకు కారణమేమి?
4. తెరపై ఒక్క అడ్డగీతను చూచి వృద్ధ మెకానిక్కు ఏయే సంగతులను గ్రహించెను?
5. తెరపై నీలము రంగు కనబడుట లేదు. దోషము ఆట బోర్డులోనిదో తెరలోనిదో ఎట్లు తేల్తువు?
6. మీ యింటిలో గాని పాఠశాలలో గాని చెడిన ఒక వస్తువును తీసికొని, దాని దోషమును వెదకు క్రమమును పది వాక్యములలో వ్రాయుము.